తర్వాతది తెలిసిన చేయి

సబిత సంచి నేనే సర్దాను. తను సర్దుకోలేదు. సంచి సర్దాలంటే రేపు స్నానం చేస్తామని, ఎల్లుండి చలి వేస్తుందని ముందుగా తోచాలి. నా బిడ్డకు అప్పటికే అలా తోచడం ఆగిపోయింది.

నాలుగు చీరలు, రెండు నైటీలు, తువ్వాలు, దువ్వెన. కొబ్బరినూనె సీసా మూత గట్టిగా ఉందో లేదో మూడుసార్లు చూశాను. కవర్లో చుట్టి, మళ్లీ విప్పి, మళ్లీ చూశాను. సబిత గోడకు ఆనుకుని కూర్చుని నా చేతులనే చూస్తోంది, టీవీలో ఎవరో సర్దుతుంటే చూస్తున్నట్టు.

"గిన్ని చీరలెందుకమ్మా?"

"ఇరవై ఒక్క రోజులు ఉంటవు గద బిడ్డా."

"అవునా. ఉంటే ఉంట తియ్," అంది.

"స్వెటర్ పెడుతున్న. ఘట్‌కేసర్ అవతల చలెక్కువంట."

"ఇప్పుడు చలి లేదు గద."

"ఇప్పుడు లేదే. కార్తీకం వస్తున్నది."

కార్తీకం అనే మాట ఏదో పరాయి ఊరి పేరైనట్టు తలూపింది. మతిమరుపు కాదు అది. నిన్నటివన్నీ చెప్పగలదు. ఏడో ఏట నేను వాతపెట్టింది చెప్పగలదు. తన మొగుడు సూరత్ మరమగ్గాలకని బస్సెక్కిన రోజు ఏ రంగు చొక్కా తొడిగాడో చెప్పగలదు. పొయ్యి మీద పాలు పెడితే పొంగుతాయని మాత్రం పొంగేదాకా తెలియదు.

గుమ్మం దగ్గర నా మనవరాలు జాజి చెప్పులు తొడుక్కుంటోంది. ముందు ఎడమది, తర్వాత కుడిది. ఎనిమిదేళ్లు దానికి. కుడికాలికి పట్టీ ఉంది. వెండిది కాదు. ఆ పట్టీ వల్లే మా ఇల్లు ఇలా అయింది.

*

పట్టీ రాకముందు జాజి పొద్దున ఎలా గడిచేదో చెప్పాలి.

మూడేళ్లప్పుడే డాక్టర్లు ఆటిజం అన్నారు. దాని నాయన ఆ మాట విన్న నాలుగో నెల సూరత్ పోయాడు, తర్వాత ఫోను నంబరు మార్చాడు. మిగిలింది మేం ముగ్గురం, ఇంట్లో ఒక ఆసు. చౌటుప్పల్ నుంచి లోపలికి వెళ్తే వచ్చే మా ఊళ్లో చీరకు రంగు కట్టేముందు పోగును ఆసు మీద పోస్తారు. ఒక పక్క ఒక చీల, ఎదురుగా అర్ధచంద్రంలా గుచ్చిన నలభై చీలలు. పోగు పట్టుకున్న చేయి అటు పోవాలి, ఇటు రావాలి, మళ్లీ పక్క చీలకు పోవాలి. ఒక్క చీరకు తొమ్మిదివేలసార్లు. ఊరంతా యంత్రాలు కొన్నాక కూడా చేతి ఆసు మా ఇంట్లో మిగిలింది. సబిత పోసేది. నా భుజం పోయేదాకా నేను పోశాను.

జాజికి ఏదీ చెప్పకుండా జరగకూడదు. తల మీద నీళ్లు పోస్తే అరిచేది. గిన్నె మారితే అన్నం ముట్టేది కాదు. కూరా అన్నం కలిస్తే ఇక ఆ పూట పస్తే. బడికి తీసుకుపోతే గేటు దగ్గర నేల మీద పడి తల బాదుకునేది. సర్కారు తరఫున వారానికోసారి వచ్చే టీచరమ్మ ఒక పద్ధతి చెప్పింది. సబిత దాన్ని పట్టుకుంది. గోడ మీద బొమ్మలు అంటించింది. పళ్లపొడి బొమ్మ, చెంబు బొమ్మ, గౌను బొమ్మ, పళ్లెం బొమ్మ. ఒక్కటి అయిపోగానే జాజి ఆ బొమ్మను తీసి డబ్బాలో వేయాలి. "ముందు చెంబు. తర్వాత గౌను," అని సబిత చెప్పేది. తొందరపెట్టేది కాదు. చెప్పిన వరస తప్పేది కాదు. ఇంటికి చుట్టాలొచ్చినా, తనకు జ్వరమొచ్చినా ముందు చెంబు, తర్వాత గౌను.

"నువ్వు దానికి గుమస్తావయినవే," అనేదాన్ని.

"అయిన. జీతం ముద్దులల్ల ఇస్తది, నెలకొకటి," అనేది సబిత.

నడిచింది. నేను అబద్ధం చెప్పను, అది నడిచింది. స్నానానికి ఆరు నెలలు పట్టింది. జడకు ఎనిమిది నెలలు. ఏడో ఏటికి జాజి పది బొమ్మల దాకా తనే తీసి డబ్బాలో వేసేది. పదిహేను మాటలు వచ్చేవి. బడి గేటు ఒక్కటే దాటలేదు.

*

నస్రీన్ మేడం ఆ ఏడు జనవరిలో వచ్చింది. ఘట్‌కేసర్ అవతల 'తోడు' అని ఒక పరిశోధనశాల ఉంది, ఆవిడ అందులో డాక్టరు. నలభై ఏళ్లుంటాయి. చెప్పులు విప్పి, జాజికి దూరంగా, జాజి తలెత్తకుండానే ఓరగా చూసేలా కూర్చుంది. అది నాకు నచ్చింది. ఆవిడ చేతిలో సంచీ చూస్తే నచ్చలేదు. సంచీ పట్టుకొచ్చినవాళ్లు ఏదో ఒకటి ఇచ్చో, తీసుకునో పోతారు.

"అండాలమ్మా, జర నీళ్లు తాగండి," అంది నాతో.

చెంబెత్తాను. నోటి దాకా రాగానే ఆవిడ అరచేయి అడ్డం పెట్టింది.

"ఎట్లనిపించింది?"

"గొంతు తెరుచుకున్నది, నీళ్లు రాలే. కోపమొచ్చింది. పెద్దమనిషితోని ఆటలా?"

ఆవిడ నవ్వింది. "చూసిన్రా, నీళ్లు రాకముందే గొంతు తెరుచుకున్నది. మన ఒళ్లు ప్రతిదానికీ రెండు క్షణాలు ముందు నడుస్తది. జాజికి ఆ రెండు క్షణాలు దొరుకుతలేవు. పిల్లలందరి సంగతి చెప్తలేను, ఈ పిల్లది చెప్తున్న. దీనికి ప్రతిదీ మీద పడ్డట్టే ఉంటది."

సంచీలోంచి రెండు పట్టీలు తీసింది. ఒకటి ఇచ్చేవాళ్ల ముంజేతికి. రెండోది జాజికి. తర్వాతది తెలిసిన మనిషి ఒంట్లో పుట్టే ఆ సిద్ధపాటును మొదటి పట్టీ పట్టి, రెండోదానికి పంపుతుంది. ఫోనులాగే ఎంత దూరమైనా. జాజి ఏ చేతికీ ఏదీ కట్టించుకోదు కాబట్టి కాలికి కట్టాం. కట్టడానికి పదకొండు రోజులు పట్టింది. సబిత గోడ మీద కాలి బొమ్మ అంటించి, రోజూ పట్టీని కాలికి తాకించి తీసేసేది. పన్నెండో రోజు జాజి తనే కాలు చాపింది.

మొదట ఇచ్చే పట్టీ నాకు కట్టారు. ఇంట్లో పనిలేనిదాన్ని నేనే కదా. మూడు రోజులు కట్టుకుని తిరిగాను. మొదటిరోజు పాలు పోసే కమలమ్మ లేచి పోబోతే జాజి ఆమె పాదం మీద కూర్చుంది. లేపితే మళ్లీ కూర్చుంది. రెండోరోజు గ్యాసు బండ తెచ్చినతను గుమ్మం దాటబోతే చొక్కా పట్టుకుని, ఊపిరి అందనంత ఏడ్చింది. మూడోరోజు ఎవరినీ ఇంట్లోంచి కదలనివ్వలేదు.

నస్రీన్ మేడం తన తెరపలకలో పట్టీ పంపిన గీతలు చూసి, నా ముఖం చూసింది.

"అండాలమ్మా, మీకు గడప దాటిన ప్రతి మనిషీ మళ్ల రాడనిపిస్తదా?"

"పోయినోళ్లెవరొచ్చిండ్రు మేడం? మా ఆయన భివండి మగ్గాలకు పోయిండు, రాలే. అల్లుడు సూరత్ పోయిండు, రాలే."

"మా అమ్మ నేను కూరగాయలకు పోయినా సాగనంపుతది మేడం," అంది సబిత. "టమాటలు తెస్తా అంటే కండ్లనిండ నీళ్లు పెట్టుకుంటది."

ముగ్గురం నవ్వాం. నేనూ నవ్వాను. ఆవిడ నా చేతి పట్టీ విప్పి సబితకు కట్టింది.

"మీరు ఏ పని చేసేటప్పుడు మనసు కుదురుగ ఉంటది?"

"ఆసు మీద," అంది సబిత, ఆలోచించకుండా. "చేయి అటు పోతదంటే ఇటు వస్తదని తెలుసు. తర్వాతది ఎప్పుడూ తెలుసు."

*

రోజూ పొద్దున సబిత ఆసు మీద కూర్చునేది. ఆ కుదురు పోగులా జాజి కాలికి చేరేది. మొదటి వారం ఏమీ తెలియలేదు. రెండో వారం జాజి తల మీద నీళ్లు పోస్తుంటే కళ్లు మూసుకుంది. నీళ్లు పడకముందే మూసుకుంది! సబిత చెంబు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"అమ్మా, చూసినవా? ముందే మూసింది. ముందే!"

మార్చిలో కూరా అన్నం ఒకే పళ్లెంలో తింది. ఏప్రిల్లో మంగలి దగ్గర జుట్టు కత్తిరించుకుంది. జూన్ పన్నెండున బడి గేటు దాటింది. అరవలేదు, పడలేదు. బెంచీ మీద చివర కూర్చుని, గంట కొట్టబోయే ముందు చెవులు మూసుకుంది. హెడ్మాస్టరు జంగయ్య సారు, "దసరా సెలవులదాక చూస్త. అప్పటిదాక సాఫీగ నడిస్తే రిజిస్టర్ల పేరు పక్కా రాస్త," అన్నాడు. సబిత ఇంటికొచ్చి గోడమీది బొమ్మలన్నీ తీసి జాగ్రత్తగా డబ్బాలో పెట్టింది. ఆరోజు మేం పాయసం చేసుకున్నాం.

నాకు మాత్రం స్థిమితం లేదు. మంచి జరుగుతుంటే, ఎక్కడో ఏదో ఖర్చవుతోందని అనిపిస్తుంది.

జూలైలో ఒకరోజు పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. సబిత పక్కనే నిలబడి ఉంది. ఇంకోరోజు చీపురు పట్టుకుని వాకిట్లో నిలబడింది, పావుగంట. "ఏందే?" అంటే, "ఊడ్చిన. ఇగ?" అంది. తర్వాత ఏమిటని అడుగుతోంది. జాజి మా ఇద్దరినీ దాటుకుంటూ పోయి తనే ముగ్గు డబ్బా తెచ్చి ఆమె చేతికిచ్చింది.

ఆగస్టులో నస్రీన్ మేడం సబితను పరీక్షించింది. చెంబెత్తమని, అరచేయి అడ్డం పెట్టింది. సబిత ఊరికే ఆగింది. కోపం రాలేదు, ఆశ్చర్యం లేదు. గొంతు తెరుచుకోనేలేదు. మేడం ముఖం తెల్లబడింది.

"ఇది బావి లెక్క రాత్రికి ఊరుతదనుకున్నం," అంది నాతో, వంటింట్లోకి వచ్చి, మెల్లగా. "ఊరుతలేదు అండాలమ్మా. నేను ఆపేస్త."

"ఆపెయ్ తల్లీ. ఇప్పుడే."

సబిత వెనకే వచ్చింది. "దసరాదాక ఆగున్రి మేడం. బడి పక్కా కానియ్యిన్రి." ఆ గొంతులో బతిమాలడం కూడా లేదు. పప్పు ఉడికిందన్నట్టు చెప్పింది. మేడం రోజుకు రెండు గంటలు కట్టుకునేదాన్ని తగ్గించి, గంటే కట్టుకోమని, దినం విడిచి దినం ఫోను చేస్తానని పోయింది. ఆమె తప్పు అదే. నా తప్పు ఇంకా పెద్దది.

*

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. మొదలుపెట్టిన ఆసును సగంలో వదిలి లేవకూడదు. పోగు బిగువు సడలిందంటే చీరమీది పువ్వు చెదిరిపోతుంది. అందుకే ఒకరు లేస్తే ఇంకొకరు అదే పోగు పట్టుకుని, అదే చీల నుంచి సాగించాలి. మా అమ్మ లేస్తే నేను కూర్చున్నాను. నేను లేస్తే సబిత కూర్చుంది. పసిపిల్లకు పాలివ్వడానికి లేచినా, చావు కబురొచ్చి లేచినా, వెనక ఒక చేయి సిద్ధంగా ఉండాలి.

సెప్టెంబరు ఇరవై ఒకటి. జాజి బడికి పోయింది. సబిత ఆసు మీద ఉంది. నేను బియ్యం ఏరుతున్నాను. చప్పుడు ఆగింది. తలెత్తి చూస్తే సబిత చేయి గాల్లో ఉంది, పోగుతో సహా. ఎటు పోవాలో ఆ చేతికి తెలియలేదు. ఇరవై ఏళ్లుగా అటూ ఇటూ ఆడిన చేయి.

"సబితా."

"ఊఁ."

"తర్వాత చీలకు పోవాలె బిడ్డా."

"ఏ చీల?"

పోగు సడలుతోంది. నేను లేచాను. ఆమెను పక్కకు జరిపి, పోగు అందుకున్నాను. ఆమె ముంజేతి పట్టీ చూశాను. కట్టుకోవాల్సిన గంటలో ఇంకో అరగంట ఉంది. బడిలో జాజి మధ్యాహ్నం గంట కోసం కాసుకుని ఉంటుంది. ఇది ఆగిపోతే ఆ గంట పిల్ల మీద పడుతుంది కదా అనుకున్నాను. నాకు చెప్పారు, నాది పనికిరాదని. కానీ ఆ మూడు రోజులు నేను ఇంట్లో తిరిగాను, ఆసు మీద కూర్చోలేదు. ఆసు మీద అందరి చేయీ ఒకటే కదా అనుకున్నాను. అరవై ఏళ్ల అలవాటు. ఒకరు లేస్తే ఇంకొకరు. పట్టీ విప్పి నా చేతికి చుట్టుకున్నాను.

చేయి బాగానే ఆడింది. భుజం నొప్పిని మింగాను. అటు, ఇటు. నలభై చీలలు, మళ్లీ మొదటికి. ఎంతో కాలం తర్వాత నా మనసు నిజంగానే కుదురుకుంది. అప్పుడు పక్కకు చూశాను. సబిత గోడకు ఆనుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని, ఎవరో మరిచిపోయి వెళ్లిన మూటలా కూర్చుని ఉంది.

ఇది కూడా పోతుంది, మళ్లీ రాదు అనుకున్నాను.

ఒక్కసారే. పైకి అనలేదు కూడా.

పదిహేను నిమిషాలకు బడి నుంచి ఫోను వచ్చింది. అన్నాలకు పిల్లలు గేటువైపు పరుగెత్తుతుంటే జాజి అడ్డం పడుకుందట. దాటబోయిన పిల్లనల్లా కాళ్లు పట్టుకుని లాగిందట. రెండో తరగతి పిల్ల ఒకతి పడి చేయి విరిగింది. జాజి తలను గేటుకేసి కొట్టుకుంది. ఐదు కుట్లు పడ్డాయి.

జంగయ్య సారు చెడ్డవాడు కాదు. జాజిని తనే ఎత్తుకుని ఆసుపత్రికి తెచ్చాడు. ఆయన చొక్కా నిండా రక్తం. "అవ్వా, ఆ పిల్ల తల్లిదండ్రులకు నేనేం చెప్పాలె?" అన్నాడు. "ఇంకొక్కసారి గిట్లయితే నా చేతుల ఉండదు. ఇగ దసరా అయినంక చూద్దాం. అప్పటిదాక ఇంట్లనే ఉంచున్రి."

ఇంటికొచ్చాక సబిత నా చేతి పట్టీ చూసింది. నేను విప్పడం మరిచిపోయాను.

"నువ్వు కట్టుకున్నవా అమ్మా?"

"కట్టుకున్న."

"సరే," అంది.

తిట్టలేదు. కొట్టినా బాగుండేది. ఆ 'సరే' లోపల ఏమీ లేదు. ఫోను తీసి నస్రీన్ మేడానికి చేసింది.

*

మేడం మరునాడే వచ్చింది. పట్టీలు రెండూ తీసేద్దామంది. నేను ఆమె చేతులు పట్టుకున్నాను.

"బొమ్మలతోని నడిచింది మేడం. మెల్లగనే నడిచింది. మల్ల గోడకు అంటిస్త. నేనే చెప్త ముందు చెంబు, తర్వాత గౌను అని. ఆర్నెల్లకొక్క మెట్టెక్కినా ఎక్కుతది."

"అదే మంచిది," అంది మేడం. "సబితా, నీకు కూడా మెల్లగ వాపస్ వస్తదేమో చూద్దాం."

సబిత ట్రంకుపెట్టెలోంచి ఒక కాగితం తెచ్చింది. తన చేతిరాతే. ఫిబ్రవరిలో, పట్టీ కట్టిన కొత్తలో, భయం ఇంకా మిగిలి ఉన్నప్పుడు రాసుకుంది. మా ముందు బడి పిల్లలా నిలబడి చదివింది.

"సబితా, నీకు భయం పోయిందనుకో, అప్పుడు ఇది చదువు. అమ్మకు డెబ్బయి ఒకటి. నీకు ఏదన్నా అయితే జాజికి తర్వాతది ఎవరు చెప్తరు? గోడ చెప్తదా? దానంతట దానికి తెల్వాలె. అది వచ్చేదాక ఆపకు. అమ్మ ఏడుస్తది. ఏడ్వనియ్."

చదివి మడిచి పెట్టింది. "ఇది రాసినామెకు నాకన్న ఎక్కువ తెలుసు మేడం," అంది. "ఆమె మాట వినాలె."

"పట్టీ లేకుంట జాజికి దానంతటదే వచ్చే దారి ఉన్నదా?" అని నేనే అడిగాను. ఎందుకు అడిగానో ఇప్పటికీ తెలియదు. ఆశ వల్ల అడిగాను కాబోలు.

మేడం దాచకుండా చెప్పింది. ఉంది. ల్యాబులో పెద్ద యంత్రం ఉంది. ఇరవై ఒక్క రోజులు, ఇచ్చేవాళ్లను అక్కడే ఉంచి, మిగిలినదంతా ఇంట్లోని జాజి కాలి పట్టీకి పంపితే ఆ పిల్ల ఒంట్లో అది పాదుకుంటుంది. ఆ తర్వాత పట్టీతో పని లేదు. ఇచ్చినవాళ్ల సంగతి తెలియదు. ఇప్పటిదాకా ఎవరూ అంతదూరం ఇవ్వలేదు.

"నేను వద్దంటున్న," అంది మేడం. "డాక్టరుగ వద్దంటున్న. తల్లిగ ఏమనాలో నాకు సమజైతలేదు."

కాగితాలొచ్చాయి. నేను బడికి పోలేదు. కిరాణా పొట్లాల కాగితాల మీద కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని, ఏ కాగితమూ చదవకుండా వదలను. పదకొండో అంశం ఇలా ఉంది: దాతకు ముందుచూపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు, దాత ఎల్లవేళలా ఒకరి వెంట ఉండాలి. రెండుసార్లు చదివాను. కింద సాక్షి సంతకం నాదే.

*

అక్టోబరు పదహారున సంచి మోసుకుంటూ బస్సు దాకా నేనూ వెళ్లాను. సంచి పక్క జేబులో మూడు కాగితాలు పెట్టాను. ఒకదాని మీద మా ఊరి పేరు, ఒకదాని మీద నా ఫోను నంబరు, ఒకదాని మీద 'ఆకలైతే తినాలి' అని.

"మేడం మాట ఇను. ఒక్కదానివి బయటికి రాకు."

"రాను."

"దిగాల్సిన చోట మేడం ఉంటది. బస్సు ఆగినంక దిగు."

"ఆగినంకనే దిగుతరు గద అమ్మా," అని నవ్వింది. చిన్నప్పటి నవ్వే. ఎనిమిది నెలలుగా ఆమెకు తిండి, నిద్ర హాయిగా ఉన్నాయి. ముఖం నిగనిగలాడుతోంది. దిగులు లేని మనిషి అంత అందంగా ఉంటుందని నాకు తెలియదు.

జాజి చేయి పట్టుకోబోయింది సబిత. జాజి అప్పటికే చేయి చాపి ఉంది.

మొదటి వారం ఫోనులో మాట్లాడింది. "అన్నం బాగున్నది," అంది. "చెట్టుమీద కోతులున్నయి," అంది. రెండో వారం నేను మాట్లాడితే విని, నేను ఆపితే తనూ ఊరికే ఉండేది. మూడో వారం మేడమే మాట్లాడింది. "నా గది పక్కనే పడుకుంటున్నది అండాలమ్మా. నేను కండ్లల్ల పెట్టుకుని చూస్తున్న."

ఇక్కడ జాజి దినదినం మారిపోయింది. సెలవులయ్యాక బడికి పోయింది. గేటు దగ్గర చేయి విరిగిన పిల్ల కట్టుతో నిలబడి ఉంటే, ఆమె పుస్తకాల సంచి అందుకుని లోపలికి తెచ్చిచ్చిందట. ఎవరూ చెప్పకుండానే తెచ్చిందని జంగయ్య సారు ఫోను చేసి చెప్పాడు. అది తనంతట తనే జడ వేసుకుంది, వంకరగా. వాన పడకముందే ఆరేసిన బట్టలు తీసింది. "మబ్బు," అని నాకు చూపించింది. నవంబరు ఐదున మేడం చెప్పినట్టే కాలి పట్టీ విప్పాం. ఏమీ కాలేదు. మరునాడు పొద్దున లేచి పళ్లు తోముకుంది.

ఒక్కటే నాకు అర్థం కాలేదు. నాలుగున్నరకు బడి నుంచి ఇంటికొచ్చాక జాజి లోపలికి రాదు. గుమ్మంలో వెనక్కి తిరిగి, రోడ్డు వైపు చూస్తూ నిలబడుతుంది. చేతులు గౌనుకు తుడుచుకుంటుంది, రంగు అంటినట్టు. ఒక చేయి కాస్త ముందుకు చాపుతుంది, ఎవరి దగ్గరో సంచి అందుకోబోతున్నట్టు. పది నిమిషాలు. ఎవరూ రారు. అప్పుడు లోపలికి వస్తుంది. అమ్మ కోసం చూస్తోందనుకున్నాను. మేడంతో ఫోనులో చెప్పాను.

"అమ్మ కోసం కాదు అండాలమ్మా. అది సబితది. జాజి బడికెళ్లి వచ్చేటప్పటి సబిత ఎదురుచూపు. అది కూడా వచ్చేసింది."

అంటే ఆ పిల్ల తన కోసమే తను గుమ్మంలో నిలబడుతోంది. ఇప్పటికీ నిలబడుతుంది. నేను పక్కన నిలబడతాను. ఇంకేం చేయాలో తెలియదు.

ఇరవై ఒక్క రోజులు నిండిన మరునాడు సబితను కారులో పంపుతానని మేడం అంది. నేను ఇల్లు కడిగాను. గోడకు మళ్లీ బొమ్మలు అంటించాను. ఈసారి సబిత కోసం. పళ్లపొడి, చెంబు, చీర, పళ్లెం. ముందు ఇది, తర్వాత ఇది అని ఆమెకు చెప్పాలని. ఆమె జాజికి చేసినదంతా నేను ఆమెకు చేయాలని. ఆర్నెల్లకొక మెట్టెక్కినా చాలనుకున్నాను. జాజి ఆ బొమ్మలు వంకరగా ఉన్నాయని సరిచేసింది.

అక్కడ సబితను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. మేడం ఆఖరి కాగితాల మీద సంతకానికి లోపలికి పోయింది. నర్సు పక్కనే ఉంది. లోపల ఎవరో పిలిస్తే లేచింది. నాలుగు నిమిషాలట. గేటు దగ్గరి మనిషి, "ఇంటికా అమ్మా?" అని అడిగాడట. సబిత నవ్విందట. అతను గేటు తీశాడు. రోడ్డు మీది కెమెరాల్లో టీ కొట్టు దాకా కనిపించింది. నడక ఎక్కడా తడబడలేదు, వెనక్కి చూడలేదు. ఆ రోజు అక్కడ సంత. జనంలో కలిసింది.

పోలీసులు వెతికారు. మేడం ఉద్యోగం మానేసి రెండు నెలలు ఊరూరా తిరిగి వెతికింది. ఇప్పటికీ నెలకోసారి వచ్చి కూర్చుంటుంది. నేను తిట్టను. జాజి మా ఇద్దరికీ టీ తెచ్చి పెడుతుంది. మేడం చేయి చాపకముందే గ్లాసు అందిస్తుంది. నాలుగో తరగతిలో ఉంది. గుణకారాలు వచ్చు.

నా కూతురు సబిత తిరిగి రాలేదు. ఆమె ఆ గేటు దాటింది రెండువేల నలభై మూడు, నవంబరు ఆరో తేదీ, మధ్యాహ్నం మూడుగంటల పది నిమిషాలకు.